ఏప్రిల్ 2న ఒక ఉచిత సినిమా ఆటతో సరా?

అభిమాన నటుడు తెరపై కనిపించగానే ఈలలు వేసి, కాగితాలు చల్లి, తెర ముందు చిందులేసే జనాన్ని చూసి తెలుగునాట ఎవరూ నొచ్చుకోరు. అదే హాల్లో ఆటిజం ఉన్న పిల్లవాడు సీట్లోంచి లేచి చేతులు ఆడిస్తూ నడిచినా, నచ్చిన మాటను పదేపదే పైకి అన్నా చుట్టూ తలలు వాడివైపు తిరుగుతాయి. కాసేపటికి తల్లిదండ్రులే అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ వాణ్ని బయటికి తీసుకుపోతారు. పాతికేళ్ల యువకుడైతే ఆ చూపుల్లో జాలి కూడా ఉండదు.

అమెరికాలో ఏఎంసీ అనే సంస్థకు చెందిన సినిమా థియేటర్లు ఆటిజం సొసైటీతో కలిసి 2007 నుంచే ఇలాంటి కుటుంబాల కోసం ప్రత్యేక ప్రదర్శనలు వేస్తున్నాయి. ఆటిజం ఉన్న చాలామందికి పెద్ద శబ్దాలు, కాంతిలో హఠాత్తు మార్పులు భరించరానివి కాబట్టి అక్కడ దీపాలు పూర్తిగా ఆర్పరు, శబ్దం తగ్గిస్తారు, ప్రేక్షకులు లేచి తిరిగినా పాడినా అభ్యంతరం చెప్పరు. 2011లో న్యూయార్క్‌లో నాటకశాలలకు పేరుపడ్డ బ్రాడ్‌వేలో ‘ది లయన్ కింగ్’ నాటకాన్ని టీడీఎఫ్ అనే సంస్థ ఇదే పద్ధతిలో ఏర్పాటు చేసింది. అదిరిపడేలా చేసే శబ్దాలను, మిరుమిట్లు గొలిపే కాంతిని తగ్గించి, హాలు బయట ప్రశాంతంగా కూర్చునే చోటు కేటాయించింది. థియేటర్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఏమేం జరుగుతుందో బొమ్మలతో చెప్పే చిన్న కథను కుటుంబాలకు ముందుగానే అందించింది.

వీటిలో మనకు అందనంత ఖరీదైనది ఒక్కటీ లేదు. హాల్లో శబ్దాన్ని నియంత్రించే డాల్బీ సౌండ్ ప్రాసెసర్లపై ప్రామాణిక స్థాయిని సూచించే అంకె 7. ప్రొజెక్షన్ గదిలో దాన్ని 5కు దించడానికి పైసా ఖర్చుండదు. అయితే మన హాళ్లకు వాటివైన చిక్కులున్నాయి. విశ్రాంతి వేళ ఒక్కసారిగా వెలిగే దీపాలు, పాప్‌కార్న్ దగ్గర తోపులాట, మరుగుదొడ్డిలో చేతులారబెట్టే యంత్రం హోరు, ఇవి సినిమా కన్నా ఎక్కువగా బెదరగొట్టగలవు. మరోవైపు, సినిమా మధ్యలో లేచి తిరగడానికి దొరికే విరామం కూడా ఆ విశ్రాంతే కాబట్టి దాన్ని తీసేయకుండా, దీపాలను నెమ్మదిగా వెలిగించడం మేలు. పొగాకు దృశ్యాలున్న సినిమాకు ముందు, విశ్రాంతి తర్వాత హెచ్చరిక ప్రకటన వేయాలన్నది చట్టం. ఆ ప్రకటనల్లోని ఆసుపత్రి దృశ్యాలు పెద్దవాళ్లకే గుబులు పుట్టిస్తాయి కనుక, అలాంటి దృశ్యాలు లేని సినిమాను ఎంచుకోవడమే సులువు.

చట్టం మాటకొస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. వినోదంలో సమానంగా పాల్గొనే హక్కు గురించి కూడా ఆ చట్టం మాట్లాడుతుంది. కానీ 2024 మార్చిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ సినిమా హాళ్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు వినికిడి, చూపు లోపాలున్నవారికే పరిమితమయ్యాయి. సబ్‌టైటిళ్లు, తెరపై జరిగేదాన్ని మాటల్లో చెప్పే ఆడియో వివరణ నిస్సందేహంగా అవసరమే. వాటికి నిర్మాత ముందుగా డబ్బు వెచ్చించాలి. ఆటిజం ఉన్నవారికి కావలసిన మార్పులు చాలావరకు థియేటర్ మేనేజర్ చేతిలోనే ఉన్నాయి. అయినా వాటికి ఆ పత్రంలో చోటు దక్కలేదు.

ఈ లోటును ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినోత్సవం నాడు, ఒక ఉచిత ఆట వేసి, ఫొటోలు దిగి పూడ్చుకుందామంటే కుదరదు. ముందుగా తెలిసిన క్రమం ఆటిజం ఉన్న చాలామందికి ఊరటనిస్తుంది. ప్రతి నెలా అదే వారం, అదే వేళ, అదే తెర, వీలైతే అదే సీటు ఉంటే మొదటిసారి పది నిమిషాలు కూర్చున్న పిల్లవాడు మూడోసారికి విశ్రాంతి దాకా ఉండగలడు. ఏడాదికొక్క ఆటతో ఆ అలవాటు ఎన్నటికీ పడదు. టికెట్ పెట్టినా ఫర్వాలేదు. డబ్బు పెట్టి కొన్నవాడికి సౌకర్యం లేదని అడిగే హక్కూ ఉంటుంది. ఇది వాళ్లను వేరుచేయడమే కదా అన్న అనుమానం న్యాయమైనదే. అందుకే ఈ ఆటకు చంటిబిడ్డల తల్లులను, పెద్ద శబ్దం భరించలేని వృద్ధులను, ఇంకెవరినైనా రానివ్వాలి.

మంటలు, మెరుపులు, మాయలకు పేరుపడ్డ సురభి వంటి నాటక సమాజాలైతే ప్రదర్శనకు ముందు పిల్లలను తెర వెనక్కి పిలిచి, ఆ మాయలు ఎలా జరుగుతాయో చూపించవచ్చు.

ఇక ప్రభుత్వాల సంగతి. పెద్ద సినిమాలు విడుదలైనప్పుడల్లా అదనపు ఆటలకు, టికెట్ ధరల పెంపునకు రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రత్యేక ఉత్తర్వులు ఇస్తూ వచ్చాయి. అలా లబ్ధి పొందే థియేటర్లు జనం పలచబడ్డ మూడో వారంలో, ఎలాగూ సగం సీట్లు ఖాళీగా ఉండే ఒక ఉదయం ఆటను ఈ పద్ధతిలో వేయాలని అదే ఉత్తర్వులో ఒక షరతు చేర్చవచ్చు.