నూరు పౌండ్ల దంతం ఎక్కడ లభించును?

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని తీర్మానించిన మన పెద్దలకు ఆఫ్రికా ధరవరలు తెలియవు. అక్కడ బతికున్న ఏనుగును చూడాలంటే పార్కు టికెట్టు, జీపు ఖర్చు పెట్టుకుంటే చాలు. చంపి దంతాలు గోడకు తగిలించుకోవాలంటే మన రూపాయల్లో లక్షల మీద లక్షలు. అంత సొమ్ము పెట్టేవాడు ఆషామాషీ మనిషి కాడు. ప్రకృతి ప్రేమికుడై ఉంటాడు. అలాంటి పెద్దమనిషి తెలియక తప్పు దేశంలో దిగి, ఏ పొట్టి దంతాల ఏనుగునో కాల్చుకుని ఉసూరుమంటూ తిరిగి రావడం చూడలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు సరుకు సంగతి. వేటగాళ్ల లెక్క పౌండ్లలో ఉంటుంది. ఒక్కో దంతం నూరు పౌండ్లు, అంటే 45 కిలోలు తూగితేనే నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది. తూచే ముందు దాన్ని పుర్రెలోంచి పెకలించాలి. పైకి కనిపించేది కొంతే, మొదలంతా ఎముకలో దిగబడి ఉంటుంది. దంతానికి గాటు పడకుండా గొడ్డలితో గంటల తరబడి చెక్కాలి. ఈ పని వేటగాడిది కాదు, కూలికి వచ్చినవాళ్లది. ఆయన అప్పటికే ఫొటో దిగి నీడన కూర్చుని ఉంటాడు.

దంతం ఏనుగు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి పెద్ద దంతం కావాలంటే వయసు పైబడిన మగ ఏనుగు కావాలి. ఇరవై ఏళ్ల కుర్రది పనికిరాదు. జాడ తీసేవాళ్లు మట్టిలో అడుగు చూసే వయసు చెప్పేస్తారు. ముద్ర పెద్దదై, మడమ దగ్గర గీతలు అరిగి నున్నగా ఉంటే అది పెద్దది. లద్దెను చేత్తో విడదీసి చూస్తే పుల్లలు నలక్కుండా అలాగే ఉన్నాయా, దవడ పళ్లు అరిగిపోయాయన్నమాట. ఇంత విద్య ఉన్నవాడికి దక్కేది జీతం. ట్రిగ్గర్ నొక్కినవాడికి ట్రోఫీ.

"ముసలిదే కదా, పిల్లల్ని పుట్టించే వయసు ఎలాగూ దాటింది, కాలిస్తే మందకు నష్టమేముంది?" అని వేటను సమర్థించేవాళ్లు అడుగుతుంటారు. ఎంతో హేతుబద్ధమైన ప్రశ్న. కెన్యాలోని అంబోసెలిలో 1972 నుంచి ఒక్కో ఏనుగుకూ పేరు పెట్టి, కుటుంబాల వారీగా చిట్టా రాస్తున్న సింథియా మాస్ బృందం దీనికి జవాబు చెప్పింది గానీ, అది చదివితే వేట రుచించదు. మగ ఏనుగుకు మదం బాగా నిలబడేదీ, ఆడ ఏనుగులు ఏరికోరి ఒప్పుకునేదీ నలభైలు వచ్చాకే. పాతికేళ్లది వరుసలో ఉంటుంది గానీ దాని వంతు రావడం అరుదు. అంటే దంతం గోడకెక్కే సైజుకు వచ్చే వయసూ, అది తండ్రయ్యే వయసూ ఒకటే. ప్రయాణం టికెట్లు కొనుక్కున్నవారు ఈ పేరా వదిలేసి ముందుకు వెళ్లవచ్చు.

ఇక స్థలాలు. మందలకు మందలు కావాలంటే బోట్స్వానా. మరే దేశంలోనూ లేనన్ని, సుమారు 1,30,000 ఏనుగులు అక్కడున్నాయి. ఇయాన్ ఖామా ప్రభుత్వం 2014లో వేట ఆపేస్తే, మసీసీ ప్రభుత్వం 2019లో మళ్లీ తలుపులు తీసింది. రాజులు మెచ్చిన చోటు కూడా ఇదే. 2012 ఏప్రిల్‌లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ ఏనుగుల వేటకు ఇక్కడికే వచ్చి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. దేశంలో కుర్రాళ్ల నిరుద్యోగం తలుచుకుంటే నిద్ర పట్టడం లేదని ఆయన అంతకు కొద్ది రోజుల ముందే చెప్పి ఉన్నాడు. నిద్ర పట్టనివాడు కాస్త ఆరుబయట తిరగడం తప్పా? పైగా ఆయన వన్యప్రాణుల సంరక్షణకు పేరుమోసిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు స్పెయిన్‌లో గౌరవాధ్యక్షుడు. ఆ జూలైలో సభ్యులు ఓటింగు పెట్టి 226 మంది అవునని, 13 మంది కాదని అంటే ఆ పదవినే ఎత్తేశారు. ఆ పదముగ్గురికీ నా జోహార్లు.

ట్రోఫీల దిగుమతిని కట్టడి చేస్తామని జర్మనీ అన్నప్పుడు, 2024లో మసీసీకి ఒళ్లు మండింది. మీకు 20,000 ఏనుగులు ఊరికే ఇస్తాం, తీసుకెళ్లి వాటితో కాపురం చెయ్యండి, ఇది హాస్యం కాదు అన్నాడు. బ్రిటన్ కూడా అదే మాట అంటుంటే, అంతకు ముందే ఆయన మంత్రి ఒకరు లండన్ హైడ్ పార్కుకు 10,000 పంపుతామన్నాడు. ఈ ఒక్క చోట వెక్కిరించడానికి నాకు నోరు రావడం లేదు. చిత్తూరు జిల్లాలో తోట తొక్కించుకున్న రైతును అడగండి, పార్వతీపురం వైపు రాత్రంతా మేలుకుని చేను కాచేవాణ్ణి అడగండి. అడవి ఏనుగుల్ని తరమడానికి కర్ణాటక నుంచి కుంకీలను, అంటే మచ్చిక చేసి తర్ఫీదిచ్చిన ఏనుగుల్ని, తెచ్చుకున్నది మొన్న 2025లోనే కదా. బెర్లిన్‌లో కూర్చుని చెప్పే గజ సంరక్షణ పాఠం వీళ్ల చెవికెక్కదు. ఒక్కటే చిక్కు. చేలో పడే ఏనుగూ, కోటీశ్వరుడు కోరే ఏనుగూ ఒకటే అవ్వాలని లేదు. "మీ జొన్న మేసిన మొండి దంతాలదేదో చూపించండి, దాన్నే కాలుస్తా" అని లక్షలు పోసి వచ్చేవాడు ఎవడు?

దంతాలు పెద్దవే కావాలంటే కెన్యా వైపు చూడాలి. కాని అక్కడ 1977 నుంచి వేట నిషిద్ధం. సరుకు విలువ తెలియని దేశం. 2016లో అధ్యక్షుడు ఉహురు కెన్యాటా 105 టన్నుల దంతాలను కుప్పలు పోయించి దగ్గరుండి తగలబెట్టాడు. ఆయన తండ్రి జోమో కెన్యాటా అయితే 1970లో మార్సబిట్ అడవిలోని అహ్మద్ అనే ఏనుగుకు అధ్యక్ష ఉత్తర్వు మీద సాయుధ కాపలా పెట్టించాడు. గన్‌మెన్‌ల మధ్య తిరిగిన ఆ ఏనుగు 1974లో ముసలితనంతో పోయింది. ఒక్కో దంతం 67 కిలోలు! అంబోసెలిలో టిమ్ అనే మరో మహాదంతి 2020లో, యాభై ఏళ్ల వయసులో, ఎవరి తూటా తగలకుండానే కన్నుమూసింది. ఎంత నష్టం.

అందుచేత అసలు చిరునామా కెన్యా కాదు, కెన్యా పక్కన. కిలిమంజారోకు అటు అంబోసెలి, సరిహద్దు దాటితే ఇటు టాంజానియాలో ఎండుయిమెట్ అనే వన్యప్రాణి ప్రాంతం. ఇప్పటిదాకా తెలిసిన అతి పెద్ద దంతాల జత, చెరో 90 కిలోలు దాటినది, 1898లో ఈ కొండ వాలులోనే దొరికింది. ఏనుగులకు పాస్‌పోర్టు లేదు కనుక మేతకు అటూ ఇటూ తిరుగుతుంటాయి. పొరుగువాడు యాభై ఏళ్లు నీళ్లు పోసి పెంచిన మామిడి కొమ్మ మన గోడ ఇవతలికి వంగితే, కాయ కోసుకోవడానికి మనం కత్తి పట్టుకుని నిలబడటంలో చట్టవిరుద్ధం ఏముంది? టాంజానియా చట్టం కూడా చిన్నవాటిని ముట్టుకోనివ్వదు, దంతం 20 కిలోలో, 160 సెంటీమీటర్లో ఉండి తీరాలి. 1990లలో ఇక్కడ కొన్ని ఏనుగుల్ని కాలిస్తే గొడవై, 1995 నుంచి ఈ సరిహద్దులో వేట వద్దని రెండు దేశాలూ అనుకున్నాయి. ఆ పెద్దమనుషుల ఒప్పందం ముప్పై ఏళ్లకు దగ్గరదాకా నిలిచింది. 2023లో మళ్లీ తుపాకీ పేలింది. నెలల వ్యవధిలో ఇంకొన్ని కూలాయి.

అంబోసెలి ఏనుగుల్లో ఉన్న సుగుణం, మనిషి అలికిడికి బెదరకపోవడం. యాభై ఏళ్లుగా జీపులో వచ్చినవాడల్లా కెమెరాయే ఎత్తాడు. తుపాకీ ఎత్తినా కొత్త మోడల్ కెమెరా అనుకుని పక్కకు తిరిగి నిలబడతాయి. వేటగాడి సాహసానికి ఇంతకన్నా అనువైన చోటు మరొకటి చెప్పలేను. ఒక్క ఇబ్బంది ఉంది. చెవుల అంచుల చిరుగులు చూసి అక్కడి పరిశోధకులు ఒక్కోదాన్నీ గుర్తుపట్టేస్తారు. కాల్చాక కొన్ని కళేబరాలను ఆనవాలు దొరకకుండా తగలబెట్టేశారని వాళ్లు వాపోయింది అందుకే. పాపం, వేటగాడి పరువు కూడా చూడాలి కదా. అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న ట్రోఫీకి పేరు, వయసు, తల్లి పేరు ఉన్నాయని పేపర్లో వస్తే ఇంటికొచ్చిన అతిథులకు ఏం చెప్పుకుంటాడు?

మొజాంబిక్‌లోని గొరొంగోసాకు మాత్రం వెళ్లకండి, దండగ. 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ దంతాలు అమ్ముకుని యుద్ధం చేశాయి. పదింట తొమ్మిది ఏనుగులు పోయాయి. ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి యుద్ధానికి ముందు నూటికి 18 ఉంటే, తర్వాత సగం దాటాయి. కారణం 2021లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. దంతం మొలవనివ్వని జన్యువు ఉన్నవాటి జోలికి తుపాకీ రాలేదు, అవి బతికి ఆ జన్యువునే కూతుళ్లకు ఇచ్చాయి. అదే జన్యువు మగ పిండానికి వస్తే కడుపు నిలవదు. మన పెద్దమనుషుల కంట పడకుండా ఉండటానికి ఆ తల్లులు కొడుకుల్ని వదులుకుంటున్నాయి.

అంత చేసినా లాభం లేకపోయింది. దంతాలు లేని ఏనుగుల వేటకు జింబాబ్వేలో విడిగా ప్యాకేజీలు అమ్ముతున్నారు. గోడకు తగిలించుకునేది ఏమీ ఉండదు కనుక రేటు బాగా తక్కువ. మధ్యతరగతి ప్రకృతి ప్రేమికులు ఈ సదవకాశాన్ని వినియోగించుకోగలరు.