సివిల్ తనిఖీ కాగితాల పనేనా?
అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదమంతా రియాక్టర్‌తోనేనని, అక్కడి కట్టడాల పనిని తనిఖీ చేసే సివిల్ ఇన్‌స్పెక్టర్ చేసేది కాగితాలు సరిచూడటమేనని ఆ ఉద్యోగం గురించి వచ్చిన వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. 2008లో ఫ్రాన్స్‌లోని ఫ్లామన్‌విల్‌లో కడుతున్న అణు విద్యుత్ కేంద్రంలో ఇనుప చువ్వల అమరికలో లోపాలు బయటపడ్డాకే నియంత్రణ సంస్థ కాంక్రీటు పని ఆపించింది. చువ్వల మీద కాంక్రీటు పడ్డాక ఇక చూడగలిగేదెవరు? అమెరికాలోని క్రిస్టల్ రివర్ అణు విద్యుత్ కేంద్రం సంగతి మరీ విచిత్రం. ఆవిరి జనరేటర్లు మార్చడానికి 2009లో రియాక్టర్ రక్షణ కట్టడం గోడను కోస్తే, లోపల కాంక్రీటు పొరగా విడిపోయి కనిపించింది. మరమ్మతు చేస్తుంటే ఇంకోచోట విడింది. చివరికి 2013లో కేంద్రాన్నే శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించారు. రియాక్టర్‌లో ఏ లోపమూ లేదు, చెడింది గోడ! కాంక్రీటు పోయకముందే ‘ఆపండి’ అనగలిగే అధికారమే ఈ ఉద్యోగానికి ప్రాణం. జీతాలకు ఒక పేరా కేటాయించిన వ్యాసంలో ఆ అధికారం గురించి ఒక్క ముక్క లేదు.