మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్ గారికి, రాత్రి 1:40 గురించి

మహారాజశ్రీ సాఫ్ట్‌వేర్ గారికి, హన్మకొండ నుంచి మీ రిసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, ఫొటోలు తప్ప.

ఎనుమాముల మార్కెట్లో ఏరి ఏరి కాయకుళ్లు మచ్చలున్న మిరపకాయలు తెచ్చాను. "మంచివి తీస్కో బిడ్డా" అని ఒక రైతు జాలిపడ్డాడు కూడా. పది రోజులు ప్లేట్లో ఫంగస్‌ని పెంచి, నిన్న రాత్రి 8కి స్లైడ్ ఎక్కించాను. పొద్దున 8 దాకా 5 నిమిషాలకో ఫొటో, మొత్తం 145. ఆ లెక్క కట్టి చూపించింది మీరే.

1:40కి, 69వ ఫొటో తీశాక, "లైసెన్స్ కీ కనబడలేదు" అని స్క్రీన్ మీద ఒక డబ్బా, కింద ఓకే బటన్. పొద్దున నేను వచ్చేదాకా ఆ ఓకే కోసమే ఎదురుచూశారు. రాత్రి వాచ్‌మన్ చూశాడట. "ముట్టద్దని మీరే కాగితం అంటించిన్రు గద మేడం, ముట్టలే" అన్నాడు. అతని తప్పేముంది!

కీ ఎక్కడికి పోతుంది స్వామీ? ఆ కీ అంటే యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే బొటనవేలంత డాంగిల్, పోర్టులోనే ఉంది, పైన టేపు కూడా వేశాం. కరెంటు పొదుపని కంప్యూటర్ ఆ పోర్టును నిద్రపుచ్చిందట. అది కాస్త కునుకు తీస్తే మేం దొంగలమైపోయామా? సరే, ఓకే నొక్కాను. మూసుకుపోయావు! 69 ఫొటోలూ మెమరీలోనే పెట్టుకుని, డిస్కు మీద ఒక్కటీ రాయలేదు నువ్వు. ఒక్కోటి 8 ఎంబీ, అన్నీ కలిపి 552. మా అక్క పెళ్లి వీడియోలో అప్పగింతలే అంతకన్నా ఎక్కువుంటాయి. స్పోరుకి, అదే ఫంగస్ విత్తనానికి, మొలక గొట్టం వచ్చే వేళకే నీకు లైసెన్స్ గుర్తొచ్చిందా?

పోయినసారి సేవ్ చేసినవైనా బాగున్నాయా అంటే, 12 బిట్ల కెమెరాకి వెలుగు లెక్క 4095 దగ్గర ఆగుతుంది, 16 బిట్ల ఫైల్లోనేమో తెల్లదనం అంటే 65535. మామూలు వ్యూయర్‌లో తెరిస్తే అమావాస్యే. "లైటు వేశావా అమ్మా?" అన్నారు గైడ్ సార్. చివరికి ఇమేజ్‌జేలో తెరిచి బ్రైట్‌నెస్ సర్ది చూపించాను. 1997లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ రాసి ఊరికే ఇచ్చిన ప్రోగ్రామ్ అది. డాంగిల్ లేదు, డబ్బా లేదు. నీకు మాత్రం ఏటా లైసెన్స్ ఫీజు, పైగా అలక.

ఏం చేస్తాం, ఆ కెమెరా నీ మాట తప్ప వినదు. పోర్టు నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి, ఈ రాత్రి 8కి మళ్లీ పెడుతున్నాను. డాంగిల్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కడదామంది జూనియర్. కట్టొచ్చు. ల్యాబ్ నిండా మిరపకాయలే, కాకపోతే అన్నీ కుళ్లువి.