ఏడేళ్లకు ఒళ్లంతా కొత్తదవుతుందా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఏడేళ్లకోసారి ఒంట్లో ప్రతి కణమూ కొత్తదవుతుందట. న్యూక్లియస్ కణానికి మెదడట, అది లేని కణమే ఉండదట. ఫలానా మూలికల పొడి పరగడుపున తాగితే కణాల్లోని విషం కడుక్కుపోయి, పాత కణాలతోపాటు షుగర్ కూడా పోతుందట. కింద పొడి అమ్మేవాళ్ల నంబరు. నేను పీయూ (ఇంటర్) కాలేజీలో బయాలజీ చెబుతానని తెలిసిన మూడో అంతస్తు పిన్నిగారు "ఏమ్మా, మాత్రలు ఆపేయనా?" అని అడిగేసరికి రాయక తప్పలేదు.

ముందు ఏడేళ్ల లెక్క. పేగు లోపలి పొరలో కణాలు నాలుగైదు రోజులకే రాలిపోతాయి. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. మెదడు పైపొరలోని నాడీకణాలైతే దాదాపుగా మన ఈడువే. ఈ సంగతి బయటపడిన తీరు నాకు భలే ఇష్టం. 1950ల నుంచి జరిపిన అణుబాంబు పరీక్షలతో గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగింది, గాలిలో ఆ పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందం తర్వాత తగ్గుతూ వచ్చింది. తిండి ద్వారా అది అందరి ఒంట్లోకీ చేరింది. కణం చివరిసారి విభజన చెందినప్పుడు తయారైన డీఎన్ఏలో ఆ కాలపు కార్బన్ అలాగే ఉండిపోతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో యొనాస్ ఫ్రీసెన్ బృందం 2005లో దాన్ని కొలిచి కణాల వయసు తేల్చింది. 2009లో గుండె కండరాన్నీ చూశారు: 25 ఏళ్లప్పుడు ఏడాదికి 1 శాతం కణాలు మారితే, 75 వచ్చేసరికి అది 0.45 శాతం. అంటే జీవితాంతం చూసుకున్నా సగం కూడా మారవు.

న్యూక్లియస్ లేని కణం లేదా? మా ల్యాబ్‌లో పిల్లలు టూత్‌పిక్‌తో బుగ్గ లోపల మెల్లిగా గీకి, మిథిలీన్ బ్లూ చుక్క వేసి చూస్తారు. అంచులు మడతపడ్డ పల్చటి కణాలు, ఒక్కోదానిలో ఒక ముదురు నీలి చుక్క. అదే న్యూక్లియస్. పక్క స్లైడులో రక్తం పెడితే ఎర్రకణాల్లో ఆ చుక్క ఉండదు, నడుమ పాలిపోయినట్టుంటుంది అంతే. ఎదిగే దశలోనే అవి న్యూక్లియస్‌ను బయటికి నెట్టేస్తాయి. ఇక మెదడంటారా, న్యూక్లియస్ ఆలోచించదు. డీఎన్ఏ ఉండే చోటు అది.

విషం కడగడం మరీ విడ్డూరం. కణం చుట్టూ ఉండే కొవ్వు పొర, అందులోని ప్రొటీన్లు ఏది లోపలికి రావాలో చూసుకుంటాయి. లోపల పాడైన సరుకును లైసోసోములనే చిన్న సంచులు ఎప్పటికప్పుడు కరిగిస్తాయి. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ 1955లో వాటికి పేరు పెట్టకముందూ ఆ పని సాగుతూనే ఉంది, ఏ పొడీ లేకుండా.

షుగర్ సంగతికొద్దాం. కొత్త కణం ఎక్కడినుంచో ఊడిపడదు. ఉన్న కణం రెండుగా చీలి, అదే డీఎన్ఏ నకలుతో వస్తుంది. మూడు నెలల షుగర్ పరీక్ష అని మనం చేయించుకునే హెచ్‌బీఏ1సీలో ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌కు అంటుకున్న గ్లూకోజును కొలుస్తారు. ఎర్రకణం 120 రోజులే ఉంటుంది కనుక రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. పిన్నిగారి ఎర్రకణాలు ఏడాదికి మూడుసార్లు కొత్తవవుతూనే ఉన్నాయి, షుగర్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

డాక్టరును అడగకుండా మాత్రలు ఆపొద్దని చెప్పాను. సరేనన్నారు గానీ, పొడి డబ్బాకు డబ్బు అప్పటికే కట్టేశారట.