లైసెన్సు లేని బ్యాంకు

పదిహేనేళ్ళుగా నేను అట్టపెట్టెల వ్యాపారం చేస్తున్నానని అనుకుంటూ వచ్చాను. బోర్డు మీద కూడా అదే రాయించాను. మొన్న సంవత్సరాంతం లెక్కలు చూసిన మా ఆడిటరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మీ ఆస్తిలో ముప్పాతిక వంతు ఎవరెవరి దగ్గరో ఉందండీ" అన్నారు. మిషన్లు, అట్ట, మూలన పడున్న పాత కాటా, అన్నీ కలిపినా పావు వంతే. మిగతాదంతా రావలసిన బాకీలు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. నేను చేస్తున్నది బ్యాంకింగు. అట్టపెట్టెలు నా ఖాతాదారులకు నేనిచ్చే కానుకలు.

ఉండదగిన ఊరంటే అందులో ఎవరెవరుండాలో చెప్పిన పెద్దలు అప్పిచ్చేవాణ్ణి వైద్యుడికంటే ముందు పెట్టారు. ఆ గౌరవాన్ని మనం ఇన్నాళ్ళూ పొరపాటున బ్యాంకులకు కట్టబెట్టాం. బ్యాంకు అప్పివ్వాలంటే పొలం కాగితాలు కావాలి, పూచీ కావాలి, పది చోట్ల సంతకాలు కావాలి. నా దగ్గరైతే ఒక్క ఫోను చాలు. "ఎల్లుండికల్లా రెండు వేల పెట్టెలు" అంటే చాలు, అప్పు మంజూరు. తనఖా లేదు, వడ్డీ లేదు, పైగా పెట్టెలు వాళ్ళ గుమ్మం దగ్గర దింపిరావడం కూడా మన పనే. తీసుకునేవాడు నాకంటే వెయ్యి రెట్లు పెద్దవాడన్నది వేరే సంగతి. లేనివాడికి అప్పివ్వడం ఎవరైనా చేస్తారు. ఉన్నవాడికి వడ్డీ లేకుండా ఇవ్వడానికే గుండె కావాలి.

ఈ బ్యాంకు ఎలా నడుస్తుందో కొత్తగా పెట్టబోయేవారి కోసం చెబుతాను. అట్ట ఇచ్చినవాడికి 30 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆ అట్ట పెట్టెగా మారి బయటికి పోయేసరికి 45 రోజులు. పెట్టెలు తీసుకున్నవాడు ఇచ్చేది 60 రోజులకి. నలభై అయిదూ అరవై, నూట అయిదు. అందులోంచి ముప్పై తీసేస్తే 75. అంటే రోజుకి వెయ్యి ఖర్చయ్యే వ్యాపారంలో 75 వేలు ఎప్పుడూ గాలిలో తేలుతూ ఉండాలి. ఇదే వర్కింగ్ క్యాపిటల్. పేరులో వర్కింగ్ అని ఉంది కదా అని మన కోసం పని చేస్తుందనుకోకండి.

ఇక ఆర్డర్లు రెట్టింపయ్యాయనుకోండి. చుట్టాలు శుభాకాంక్షలు చెబుతారు. గాలిలో తేలే 75 వేలు లక్షా యాభై వేలవుతాయి, ఆ తేడా ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం ఏ చుట్టమూ చెప్పడు. లాభంలో ఉండి, చేతినిండా పనుండి, జీతాల రోజున ఖాళీ అయిన వ్యాపారాలు లోకంలో కోకొల్లలు. దీనికి ఓవర్‌ట్రేడింగ్ అని ఒక పేరుంది. మా ఆడిటరు భాషలో, తిండి ఎక్కువై ఆకలితో పోవడం.

లాభముండి డబ్బు లేకపోవడమేమిటని మా ఆవిడకు పెద్ద సందేహం. దానికి చాలా పాత చరిత్ర ఉంది. లూకా పాచోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1494లో వెనిస్‌లో ఒక గణిత గ్రంథం అచ్చువేయించి, అందులో ప్రతి పద్దునీ రెండు వైపులా రాసే పద్ధతిని వివరించాడు. ఆయన కనిపెట్టింది కాదది, అక్కడి వర్తకులు అప్పటికే రాసుకుంటున్నదే. ఆ పునాది మీద లేచిన నేటి లెక్కల్లో బిల్లు రాసిన రోజే అమ్మకం అయిపోయినట్టు. డబ్బు వచ్చిందా రాలేదా అన్నది ఇంకో పేజీ గొడవ. పన్నులవాళ్ళు మొదటి పేజీ మాత్రమే చదువుతారు. చాలా దేశాల్లో అమ్మకం పన్ను బిల్లు తేదీని బట్టి కట్టాలి, కాబట్టి నా ఖాతాదారు నాకివ్వని డబ్బు మీద వచ్చిన పన్నును నేను ముందుగానే కట్టేస్తాను. అప్పూ నాదే, పన్నూ నాదే. ఇంత సేవ ఏ బ్యాంకు చేస్తుందో చెప్పండి.

వసూళ్ళ విభాగం కూడా నేనే. ప్రతి మంగళవారం ఉదయం పదకొండుకి ఫోన్ చేస్తాను. పదికి చేస్తే వాళ్ళింకా రారు, పన్నెండుకి చేస్తే భోజనానికి లేచిపోతారు.

"నమస్కారమండీ, ఆ మార్చి బిల్లు గురించి…"

"ఏ బిల్లండీ?"

నెంబరు చెప్పాను. అవతల కీబోర్డు టకటకలాడింది. ఎవరో టీ తెచ్చి పెట్టిన చప్పుడైంది.

"అది హోల్డ్‌లో ఉందండీ. మీ బిల్లులో రెండుకీ సున్నాలకీ మధ్య కామా ఉంది. మా ఆర్డరులో కామా లేదు."

"ఎలా రాసినా రెండు వేలేనండీ."

"మీకూ నాకూ రెండు వేలే సార్. సిస్టమ్‌కి కాదు. కొత్త బిల్లు పంపండి, ఆ తేదీ నుంచి అరవై రోజులు లెక్కేస్తాం."

"మరి మేనేజరుగారితో ఒక్కసారి…"

"సార్ సైట్‌కి వెళ్ళారండీ. మంగళవారం చెయ్యండి."

ఏ మంగళవారమో చెప్పరు. ఆ సార్ ఏ సైట్‌లో ఉంటారో గాని, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆఫీసుకి వచ్చిన దాఖలా లేదు.

ప్రభుత్వాలు ఇదంతా చూస్తూ ఊరుకున్నాయంటే పాపం. బ్రిటన్ 1998లోనే చట్టం చేసింది. బిల్లు ఆలస్యమైతే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల రేటు మీద ఇంకో 8 శాతం వడ్డీ వెయ్యవచ్చు. భారతదేశం 2006లో చేసిన చట్టం ఇంకా గట్టిది. చిన్న సంస్థకి 45 రోజుల్లోపు ఇచ్చెయ్యాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా కట్టే చక్రవడ్డీ. యూరోపియన్ యూనియన్ 2011లో కంపెనీల మధ్య 60 రోజుల హద్దు పెట్టింది. అయితే ఇద్దరూ స్పష్టంగా ఒప్పుకుని, మరీ అన్యాయం కాకపోతే, ఎక్కువైనా ఫరవాలేదంది. పులీ ఒప్పుకుంది, మేకా ఒప్పుకుంది, ఇక అన్యాయమన్న మాటెక్కడిది? ఈ చట్టాలన్నీ ఆచరణలో చక్కగా పనిచేస్తాయి. ఏ ఖాతాదారు మీదనైనా వడ్డీ వెయ్యవచ్చు, ఒక్కసారి. రెండోసారి వెయ్యడానికి ఆ ఖాతాదారు ఉండడు.

భయపెట్టడం చేతకానివాళ్ళం కనుక బతిమాలడం మొదలుపెట్టాం. 30 రోజుల గడువు బిల్లుని పది రోజుల్లో తీరిస్తే 2 శాతం తగ్గింపు. ఇరవై రోజులు ముందు రావడానికి 98 మీద 2 వదులుకుంటే, ఏడాదికి 37 శాతం పైచిలుకు వడ్డీ కట్టినట్టు. పెద్దలు తగ్గింపుని సంతోషంగా పట్టుకున్నారు. డబ్బు మాత్రం అరవయ్యో రోజునే పంపారు.

చివరికి అసలు బ్యాంకుకి వెళ్ళక తప్పలేదు. ఒక బ్యాంకరు ఇంకో బ్యాంకరుని పలకరించడానికి వెళ్ళినట్టే వెళ్ళాను. మేనేజరుగారు నా బాకీల పట్టీ చూసి, "90 రోజులు దాటినవి మేం లెక్కలోకి తీసుకోమండీ" అన్నారు.

"అది చాలా పెద్ద కంపెనీ అండీ, ఎక్కడికీ పోదు."

"నాకు తెలియదా? వాళ్ళకి మేమే కదా అప్పిచ్చేది. మీకు చెప్పిన రేటుకంటే చాలా తక్కువకి."

నా దగ్గర వడ్డీ లేకుండా దొరుకుతుంటే వాళ్ళకి మీ అప్పెందుకని అడగబోయి ఊరుకున్నాను.

తరవాత సొంత పూచీ మాట వచ్చింది. నేను బాగా చదువుకునే వెళ్ళాను. "కంపెనీ వేరు, నేను వేరండీ. 1897లో లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పుంది. ఏరన్ సాలమన్ అని తోలు బూట్లు చేసే ఆయన కంపెనీ పెట్టాడు. 20,007 వాటాల్లో 20,001 ఆయనవే, తక్కిన ఆరూ ఇంట్లోవాళ్ళవి. అయినా సరే కంపెనీ అప్పులు కంపెనీవే, ఆయనవి కావన్నారు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మేనేజరుగారు ఎంతో శ్రద్ధగా విన్నారు. "గొప్ప తీర్పండీ. ఇక్కడ మీరు పెట్టండి, ఇక్కడ మీ ఆవిడగారు పెట్టాలి."

మా ఆవిడ పెట్టనంది. ఆవిడకి సాలమన్ ఎవరో తెలియకుండానే ఆ తీర్పు అర్థమైంది.

దాంతో ఒక ఫైనాన్స్ వాళ్ళ దగ్గర తీసుకున్నాను. ఏడాదిలో తీర్చాలి, 12 శాతమే, "ఫ్లాట్" అన్నారు. ఆ మాట చదునుగా, ఎత్తుపల్లాలు లేకుండా వినిపించింది. నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే. అమ్మేసిన గేదెకి రోజూ గడ్డి మోస్తున్నట్టు. తగ్గుతున్న బాకీ మీద కట్టి చూస్తే అది 21 శాతం దాటుతోంది. నేను వడ్డీ లేకుండా ఇచ్చే అప్పుకి నాకు పడుతున్న ఖర్చు అది. ఇంతకంటే విశాల హృదయమున్న బ్యాంకు ఉంటే చూపించండి, నా ఖాతా కూడా అక్కడే తెరుస్తాను.

ఇది రాస్తుండగా ఫోను మోగింది. మాకు అట్ట ఇచ్చే ఆయన. నాకంటే చిన్నవాడు, ఇద్దరు పనివాళ్ళతో నెట్టుకొస్తున్నాడు. ముప్పై రోజుల బిల్లు, ఇవాళ్టికి యాభై రెండు. కుర్రాడు టీకి వెళ్ళాడు, తియ్యడానికి ఎవరూ లేరు. ఆరుసార్లు మోగాక నేనే తీశాను, గొంతు కాస్త మార్చి.

"సార్ సైట్‌కి వెళ్ళారండీ."

అవతల కాసేపు మాట లేదు.

"ఫరవాలేదు సార్," అన్నాడు. "ఏ మంగళవారం చెయ్యమంటారు?"