రిజిస్టరు పెళ్లికి మత పెద్దల అనుమతా?

2023 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్వలింగ వివాహాల కేసును విచారిస్తున్నప్పుడు కేంద్రం ఒక వివరం కోర్టు ముందు పెట్టింది. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. వాటిలో నాలుగు గడువు కోరగా, మూడు వద్దన్నాయి. ఆ మూడింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించామని, వారు అంగీకరించలేదు కాబట్టి తామూ వ్యతిరేకమని అప్పటి ప్రభుత్వం తెలియజేసింది. ఆ పెళ్లిళ్లకు గుర్తింపు ఇవ్వలేమని తీర్పు వచ్చి, దానిపై వేసిన సమీక్షా పిటిషన్లు కూడా 2025 జనవరిలో వీగిపోయాయి. అయినా ఆ జవాబు మమ్మల్ని ఇంకా కలవరపెడుతూనే ఉంది. తప్పుడు ప్రశ్నను, అడగకూడని చోట అడిగి తెచ్చుకున్న జవాబు అది.

కోర్టు ముందున్న చట్టం ఏది? ప్రత్యేక వివాహ చట్టం, 1954. ఆ చట్టం కింద పెళ్లి ఎలా జరుగుతుందో చూసినవారికి చెప్పనక్కర్లేదు. దరఖాస్తు ఇస్తారు. నోటీసు ముప్పై రోజులు కార్యాలయంలో అంటించి ఉంటుంది. గడువు తీరాక వివాహాధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల సమక్షంలో ఇద్దరూ ఒకరినొకరు చట్టబద్ధమైన జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నామని తమకు అర్థమయ్యే భాషలో చెప్పుకొని సంతకాలు చేస్తారు. అగ్నిసాక్షి ఉండాలని గానీ, ఖాజీ రావాలని గానీ, పాదిరి ఆశీర్వదించాలని గానీ ఆ చట్టం అడగదు. కులం దాటి, మతం దాటి పెళ్లాడిన తెలుగు జంటలు ఎన్నో ఆ బల్ల ముందే నిలబడ్డాయి. మతంతో నిమిత్తం లేకుండా పెళ్లి చేసుకునేవారి కోసం దేశం కట్టుకున్న ఏకైక గడప అది. ఆ గడప ఎవరు దాటాలో మఠాలను, మసీదులను, చర్చిలను అడిగి తేల్చడం ఏ రకం లౌకికత్వం?

ఈ గడప ఊరికే రాలేదు. 1872 నాటి తొలి పౌర వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే వధూవరులు తాము హిందువులం కాదని, ముస్లింలం కాదని, క్రైస్తవులం కాదని ప్రకటించాల్సి వచ్చేది. మతాన్ని వదులుకుంటేనే పెళ్లి. స్వతంత్ర భారతం 1954లో ఆ షరతును పూర్తిగా తీసేసింది. పౌరుడు తన మతంలోనే ఉంటూ రాజ్యం ఎదుట పెళ్లి చేసుకోవచ్చని ఒప్పుకుంది. ఈ చిన్న మార్పులో చాలా పెద్ద విషయం ఉంది. మతం ఇచ్చే పెళ్లి వేరు, రాజ్యం ఇచ్చే గుర్తింపు వేరు అని అంగీకరించినట్లయింది.

మత విశ్వాసుల అభ్యంతరాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. హిందువుకు పెళ్లి షోడశ సంస్కారాల్లో ఒకటి. కన్యాదానం, పాణిగ్రహణం, సప్తపది అన్నీ వధువు, వరుడు అనే ఇద్దరి చుట్టూ అల్లుకున్న తంతులు. కేథలిక్కులకు అది దైవ సంస్కారం. ముస్లింలకు నిఖా ఒప్పందమే అయినా, షరియత్ హద్దుల్లోని ఒప్పందం. ఈ కేసులో ముస్లిం మత పండితుల సంస్థ జమియత్ ఉలమా-ఎ-హింద్ ప్రతివాదనలకు దిగింది కూడా. మా గుడిలో, మా మసీదులో, మా చర్చిలో ఈ పెళ్లి జరపం అనే హక్కు వారికి పూర్తిగా ఉంది. ఉండాలి కూడా. 2013లో ఇంగ్లండ్, వేల్స్ స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేసినప్పుడు ఏ మతాచార్యుడినీ ఆ పెళ్లి జరిపించమని బలవంతపెట్టకూడదని అదే చట్టంలో రాశారు. మన పార్లమెంటు కూడా అటువంటి రక్షణ రాయవచ్చు. కానీ నేను చేయను అనడం ఒకటి, ఎవరూ చేసుకోకూడదు అనడం మరొకటి.

ఇది మన నేలకు కొత్త వాదన కాదు. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చే ముందు దానికి మద్దతుగా చేసిన సంతకాల కన్నా వ్యతిరేకంగా వచ్చిన సంతకాలు ఎన్నో రెట్లు ఎక్కువ. శాస్త్రం ఒప్పదన్నవారికి ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతి శ్లోకంతోనే బదులిచ్చారు. అంటే మతం లోపలే రెండు గొంతులు ఉన్నాయి. చట్టం వచ్చిన పాతికేళ్లకు, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించారు. సంఘం వెలివేసినా ఆయన వెనకడుగు వేయలేదు. ఆ చట్టం ఏ వితంతువునూ మళ్లీ పెళ్లి చేసుకోమని బలవంతపెట్టలేదు, ఏ పురోహితుడి చేతా మంత్రాలు చదివించలేదు. కోరుకున్నవారికి దారి తెరిచింది, అంతే. దేశంలో 99.9 శాతం మంది స్వలింగ వివాహాలకు వ్యతిరేకమని 2023లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తీర్మానం చేసినప్పుడు మాకు ఆ సంతకాల కట్టలే గుర్తుకొచ్చాయి.

ఇది నగరాల్లోని ఉన్నత వర్గాల ఆలోచన మాత్రమేనని కేంద్రం వాదించింది. పొలంలో పనిచేసే పల్లెటూరి మహిళ కూడా ఈ కోవకు చెందినవారు కావచ్చని నాటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తీర్పులో దానికి సమాధానం రాశారు. ఇంతకు మించి ఆ వాదనపై మేం చెప్పేదేమీ లేదు.

లౌకిక అభ్యంతరాలూ ఉన్నాయి, వాటిలో ఒకటి నిజంగా బరువైనది. 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పెళ్లిగా కాకపోయినా పౌర బంధంగా, అంటే చట్టం గుర్తించే జంటగానైనా ఒప్పుకోవాలన్న వాదన 3-2 తేడాతో ఓడింది. మెజారిటీ తరఫున తీర్పు రాసిన జస్టిస్ రవీంద్ర భట్ ఒక హెచ్చరిక చేశారు. భరణం, విడాకుల వంటి చోట్ల ప్రత్యేక వివాహ చట్టం భార్యకు కొన్ని ప్రత్యేక రక్షణలు ఇచ్చింది. భార్య, భర్త అనే మాటలను చెరిపి అందరికీ ఒకే మాట పెడితే ఆ రక్షణలు స్త్రీలకు దక్కకుండా పోయే ప్రమాదం ఉంది. దీనికి మతంతో సంబంధం లేదు. దీనికి బదులు చెప్పాల్సింది ఆవేశంతో కాదు, చట్టం ముసాయిదాతో. పాత సెక్షన్లను ముట్టుకోకుండా స్వలింగ జంటలకు ప్రత్యేక అధ్యాయం చేర్చవచ్చు. వారసత్వం, దత్తత, విడాకులకు విడిగా నియమాలు రాయవచ్చు. కోర్టు చేయలేనని చెప్పిన ఈ పని పార్లమెంటు చేయగలదు. ఇది చట్టసభ పని అని కోర్టులో పదే పదే వాదించిన ప్రభుత్వం, తీర్పు వచ్చాక ఆ పని మొదలుపెట్టకపోవడం న్యాయం కాదు.

స్వలింగ జంటల హక్కులు, సదుపాయాలను పరిశీలించేందుకు 2024 ఏప్రిల్‌లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కేంద్రం కమిటీ వేసింది. అదే ఏడాది స్వలింగ భాగస్వాములను రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివారిగా పరిగణించాలని ఆదేశాలు వెళ్లాయి. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డంకి లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. బంధువులు అందుబాటులో లేనప్పుడు మృతదేహాన్ని భాగస్వామికి అప్పగించవచ్చని ఆరోగ్య శాఖ రాసింది. ఇవి మేలే. అయితే ఆ చివరి మాట దగ్గర ఒక్కసారి ఆగాలి. బంధువులు అందుబాటులో లేనప్పుడు! ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకొని తిన్న మనిషికి, ఏనాడో ఇంట్లోంచి గెంటేసిన అన్నదమ్ముల తర్వాతే వరుస. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు చేతికిచ్చే కాగితంలో రోగితో బంధుత్వం అనే గడి ఉంటుంది. భార్య, భర్త, తండ్రి, కొడుకు ఎవరైనా రెండక్షరాలు రాసి సంతకం పెడతారు. ఆ గడిలో ఈ మనిషి ఏం రాయాలి? స్నేహితుడు అని రాస్తే బయట కూర్చోమంటారు.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరు వయోజన మహిళలు తమ ఇష్టప్రకారం కలిసి జీవించవచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని తేల్చింది. కలిసి ఉండే హక్కు కోర్టు ఇచ్చింది. ఆ కలిసి ఉండటానికి చట్టంలో పేరు మాత్రం ఇంకా లేదు. పేరు లేని బంధానికి ఫించను రాదు, వారసత్వం రాదు, అవయవ దానంలో దగ్గరి బంధువుకు ఉండే చోటూ రాదు.

అందువల్ల మేం రెండు విషయాలు సూటిగా అడుగుతున్నాం. కేబినెట్ కార్యదర్శి కమిటీ ఏ సిఫార్సులు చేసిందో, చేయబోతోందో కేంద్రం ప్రజల ముందు పెట్టాలి. వాటి ఆధారంగా ప్రత్యేక వివాహ చట్టానికి సవరణ బిల్లు తేవాలి. ఇక 2023లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపిన అభిప్రాయాన్ని ఇప్పటి ప్రభుత్వం ఉపసంహరించుకొని, ఈసారి మత పెద్దలను కాక ఆ జంటలనే పిలిచి మాట్లాడాలి.