ఉంగరమా, కత్తెరా? సర్పంచ్ ఎన్నికపై ఒక శాస్త్రీయ అంచనా

లోక్‌సభ ఎన్నికలొస్తే సర్వేలు, అసెంబ్లీ ఎన్నికలొస్తే ఎగ్జిట్ పోల్స్, అవి తప్పితే ఎందుకు తప్పాయో చెప్పడానికి మళ్లీ అదే నిపుణులు. జోస్యానికి ఈ దేశంలో కరువు లేదు. కానీ ఊళ్లో సర్పంచ్ ఎవరవుతారని అడిగి చూడండి, ఆ కోటు తొడుక్కున్న పెద్దమనుషుల్లో ఒక్కరూ నోరు విప్పరు. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో మూడు విడతలుగా పన్నెండు వేలకు పైగా పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. స్టూడియోల్లో గ్రాఫిక్స్ తిప్పేవాళ్లెవరూ మా మండలం పేరు కూడా ఎత్తలేదు.

వాళ్లను తప్పు పట్టలేం. పోలింగ్ పొద్దున ఏడింటికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకు ముగుస్తుంది. రెండింటికి లెక్కింపు మొదలు. ఎగ్జిట్ పోల్‌కు దొరికేది మధ్యలో ఒక్క గంట, అదీ అన్నం తినే వేళ. అంకెల కోసం అన్నం మానుకునే విశ్లేషకుడు ఇంకా పుట్టలేదు. పైగా సర్వేలవాళ్లు గొప్పగా చెప్పుకునే మూడు శాతం అటూ ఇటూ అనే తేడా, పన్నెండు వందల ఓట్లున్న ఊళ్లో ముప్పై ఆరు ఓట్లవుతుంది. ముప్పై ఆరు ఓట్ల మెజారిటీ వస్తే మా దగ్గర దాన్ని ప్రభంజనం అంటారు. ఒక్క ఓటుతో గెలిచినవాళ్లున్నారు. ఓట్లు సమానమైతే చీటీ తీసి తేలుస్తారు కాబట్టి, ఆ చీటీ తీసే చెయ్యి ఎటు పోతుందో కూడా మన అంచనాలో చేర్చుకోవాలి.

ఇంత క్లిష్టమైన శాస్త్రాన్ని అనాథగా వదిలేయడం భావ్యం కాదని ఈ వ్యాసకర్త రంగంలోకి దిగాడు.

ముందుగా సమాచార సేకరణ. చాయ్ హోటల్, బెల్టు షాపు, బొడ్రాయి దగ్గరి అరుగు, ఈ మూడే మా సర్వే కేంద్రాలు. అక్కడ అభ్యర్థులందరి దగ్గరా తలా ఒక నోటుబుక్కు ఉంటుంది. ఓటరు జాబితా ప్రకారం ఇంటింటికీ ఒక గీత, మనకు పడే ఓటుకు టిక్కు, పడని ఓటుకు ఇంటూ, అనుమానపు ఓటుకు సున్న. పన్నెండు వందల ఓట్ల ఊళ్లో నలుగురు పోటీలో ఉన్నారనుకుందాం. పోలింగుకు ముందురోజు రాత్రి మొదటాయన పుస్తకంలో 520 టిక్కులుంటాయి, రెండో ఆయన పుస్తకంలో 480, మూడో ఆయనకు 410, ఏదో ఉనికి కోసం నిలబడ్డ నాలుగో ఆయనకు 300. మొత్తం 1,710. అంటే ఓటరు జాబితాలో లేని 510 మంది ఆ ఊళ్లో ఎక్కడో తిరుగుతున్నారు. వాళ్లు నాటుకోడి కూర తింటారు, క్వార్టర్ సీసా తాగుతారు, "ఏందన్నా గట్లడుగుతవ్, మా ఇంట్ల ఐదోట్లు నీయే" అంటారు, పోలింగ్ రోజు పొద్దున మాయమైపోతారు. జనాభా లెక్కల అధికారులు ఈ తెగ మీద దృష్టి పెట్టాలి.

నిజానికి వాళ్లు అబద్ధం చెప్పారనడం అన్యాయం. అసెంబ్లీ అభ్యర్థి ఓడిపోతే మళ్లీ ఐదేళ్లకు గానీ కనిపించడు. సర్పంచ్‌గా ఓడినవాడు తెల్లారి మన పొలం గట్టు మీదే నడుస్తాడు, మన బోరు పక్కనే అతని బోరు, మన బిడ్డ పెళ్లికి అతని ట్రాక్టరే కావాలి. ఇలాంటి ఊళ్లో "నీకు వెయ్యను" అని మొహం మీద చెప్పేవాడు ఒకటి పిచ్చివాడైనా అయ్యుండాలి, రెండు ఊరు విడిచి హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నవాడైనా అయ్యుండాలి. అందుకే నలుగురికీ మాటిస్తారు, ఒకరికే గుద్దుతారు. ఆ ఒకరెవరో భార్యకు కూడా చెప్పరు. భార్య ఎవరికేసిందో ఆయనకూ తెలియదు. వార్డు మెంబరుకు పోటీ చేసినాయనకు ఇంట్లోనే ఆరు ఓట్లుంటే పెట్టెలో నాలుగే తేలిన సందర్భాల్లో ఆ ఇంట్లో రాత్రి ఏం జరుగుతుందన్నది మా పరిశోధన పరిధిలోకి రాదు.

అసలు మొదటి ఫలితం నామినేషన్ల కంటే ముందే వస్తుంది. దాని పేరు రిజర్వేషన్ల జాబితా. ఏడాది నుంచి అయ్యప్ప పడిపూజలకు చందాలు రాసి, క్రికెట్ టోర్నీకి కప్పులు కొనిచ్చి, చావుకూ పెళ్లికీ ముందు వరుసలో నిలబడ్డ యువనాయకుడు ఒక సాయంత్రం ఫోన్ తెరిచి చూస్తే తన ఊరు మహిళకు రిజర్వయి ఉంటుంది. మామూలు మనిషైతే కుంగిపోతాడు. మన నాయకుడు తెల్లారేసరికి తేరుకుంటాడు. ఫ్లెక్సీలో తన ఫొటో ఎక్కడుందో అక్కడే ఉంచి, మూలన భార్య ఫొటో పాస్‌పోర్ట్ సైజులో అతికిస్తాడు. సగం స్థానాలు మహిళలవని చట్టం చెబుతుంది. ఆ సగం ఊళ్లలో జనం "ఈసారి రాజన్న గెలుస్తడా, మల్లన్న గెలుస్తడా" అని పందేలు కాస్తుంటారు. బ్యాలెట్ పేపర్ మీద రాజన్నా ఉండడు, మల్లన్నా ఉండడు. అభ్యర్థిని అంచనా వేయడానికి ఆమె పేరు తెలియక్కర్లేని ఎన్నిక ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటుంది. అయితే కొన్ని ఊళ్లలో గెలిచినామె నిజంగానే వచ్చి కుర్చీలో కూర్చుని ఫైలు తెమ్మంటుంది. అలాంటి విపత్తును ఏ నోటుబుక్కూ ముందుగా పసిగట్టలేదు.

తర్వాత గుర్తులు. ఇది పార్టీ రహిత ఎన్నిక కాబట్టి చెయ్యి, కారు, పువ్వు ఉండవు. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి, ఆ వరుసలోనే గుర్తులిస్తారు. ముందున్నవాళ్లకు ఉంగరం, కత్తెర, బ్యాట్ దక్కుతాయి. వెనకపడ్డకొద్దీ టీవీ రిమోట్, టూత్‌పేస్ట్, చెత్తడబ్బా, బెండకాయ. బిడ్డకు "అ"తో పేరు పెట్టని తల్లిదండ్రులు ముప్పై ఏళ్ల తర్వాత అతని చేతిలో చెత్తడబ్బా పెట్టినట్టే. ఊరిని శుభ్రం చేస్తానని చెప్పుకోవడానికి అంతకంటే మంచి గుర్తు లేదు కదా అని ఓదారుస్తే అతను మా సర్వే బృందాన్ని చాయ్ కూడా ఇవ్వకుండా పంపించేశాడు. ఇక సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగులో, వార్డు మెంబరు బ్యాలెట్ తెల్లగా ఉంటాయి. పార్టీ రహిత ఎన్నిక కనుక గులాబీ రంగులో ఎవరూ ఏ అర్థమూ వెతకరాదు.

ఖర్చు విషయంలో మా దగ్గర అధికారిక గణాంకాలే ఉన్నాయి. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి లక్షా యాభై వేలకు మించి ఖర్చు పెట్టకూడదు. గెలిస్తే గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. ఐదేళ్లకు 3,90,000. లక్షన్నర పెట్టి దాదాపు నాలుగు లక్షలు రాబట్టే వ్యాపారం, నష్టభయం తక్కువ. ఈ లెక్కను ఒక మాజీ సర్పంచ్ ముందుంచితే ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. ఆయన సొంత డబ్బుతో వేయించిన సిమెంటు రోడ్డు బిల్లు ఇంకా రాలేదట. యాటల ఖర్చు, సీసాల ఖర్చు, కుల సంఘాలకు ఇచ్చిన మాటల ఖర్చు ఏ ఖాతాలో రాశారని అడిగితే, అవన్నీ అభిమానులు పెట్టుకున్నారని గంభీరంగా చెప్పారు.

అయితే ఎక్కువ పెట్టినవాడే గెలుస్తాడని తేల్చేస్తే ఈ శాస్త్రం ఇంత లోతైనది ఎందుకవుతుంది? ముందు పంచినవాడి డబ్బు రెండోవాడు పంచేదాకానే పనిచేస్తుంది. అందుకని ఇద్దరూ చివరి రాత్రి దాకా ఒకరినొకరు కాచుకుని కూర్చుంటారు. ఓటరు మాత్రం ఎవరినీ నొప్పించడు. ఇద్దరి దగ్గరా తీసుకుంటాడు, ఎవరైనా నిలదీస్తే "పైసలు పైసలే, ఓటు ఓటే" అంటాడు.

నిజంగా అంచనా తారుమారు చేసేవి వలస ఓట్లు. హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయినవాళ్లు, భివండి మగ్గాల దగ్గర ఉన్నవాళ్లు, సూరత్‌లో స్థిరపడ్డవాళ్లు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఓట్లు జాబితాలో భద్రంగా ఉంటాయి కానీ విమానం టికెట్టు పెట్టే స్థాయికి మన పంచాయతీలు ఇంకా ఎదగలేదు. మిగతావాళ్లకు రానుపోను చార్జీలు, దారిలో బిర్యానీ, దిగాక మర్యాద, ఇదీ లెక్క. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఈ పథకం వల్ల సర్పంచ్ అభ్యర్థులకు మిగిలిన సొమ్మెంతో మన ఆర్థికవేత్తలు ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం.

అమెరికాలో ఉన్న మన బంధువులు ఈ పాటికి ఫోన్ చేసి, "మా దగ్గర ఇదంతా డేటా మీద నడుస్తుంది" అంటారు. వాళ్ల దగ్గర గాలి ఎటు వీస్తుందో చెప్పే కౌంటీలుంటాయి. ఇండియానా రాష్ట్రంలోని విగో కౌంటీ 1956 నుంచి 2016 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ గెలిచినవాడికే మెజారిటీ ఇచ్చింది. పాత్రికేయులు పనిగట్టుకుని అక్కడికెళ్లి జనం నాడి పట్టేవారు. 2020లో అది ఓడినవాడి వైపు నిలబడింది. సరే, వాషింగ్టన్ రాష్ట్రంలో క్లాలమ్ కౌంటీ ఉంది కదా, 1980 నుంచి తప్పలేదు కదా అని అందరూ అటు తిరిగారు. 2024లో అదీ తప్పింది. మా మండలంలోనూ అలాంటి ఊరొకటి ఉంది. అక్కడ ఎవరు గెలిచినా వారం తిరక్కుండా అధికార పార్టీ కండువా కప్పుకుంటారు. ప్రభుత్వం మారితే కండువా మారుతుంది. ఇంతవరకు ఒక్కసారీ లెక్క తప్పలేదు. విగో కౌంటీ పెద్దలు వచ్చి చూసి నేర్చుకోవచ్చు.

దీన్నిబట్టి ఈ వ్యాసకర్త ఒక తిరుగులేని సూత్రం కనిపెట్టాడు. ఎవరు గెలుస్తారో పోలింగుకు ముందు చెప్పడం కష్టం, ఏ పార్టీ గెలిచిందో లెక్కింపు అయ్యాక చెప్పడం అంతకంటే కష్టం. ఫలితాల రాత్రి ఒక పార్టీ ఆఫీసు నుంచి, మేం బలపరిచినవాళ్లు ఇన్ని చోట్ల గెలిచారని ప్రకటన వస్తుంది. కాసేపటికి రెండో పార్టీ నుంచి మరో అంకె. మూడో పార్టీ కూడా ఊరుకోదు. అన్నీ కూడితే ఎన్నికలు జరిగిన పంచాయతీల కంటే గెలిచిన సర్పంచులే ఎక్కువ తేలతారు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే కూడిక నడిచింది. ఇదేదో రాజధానిలో పుట్టిన గారడీ అనుకోకండి. ఊరి చాయ్ హోటల్ నోటుబుక్కులో 1,710 దగ్గర మొదలైన లెక్కే మండలం, జిల్లా దాటి పార్టీ ఆఫీసు దాకా పోయింది. తిరుగుబాటు అభ్యర్థిగా పోటీ చేసి పార్టీ మనిషినే ఓడించినాయన అన్ని జాబితాల్లోనూ ఉంటాడు. పొద్దున ఎమ్మెల్యేతో ఫొటో, సాయంత్రం మాజీ ఎమ్మెల్యేతో ఫొటో. రెండింట్లోనూ అదే బొకే.

నూటికి నూరుపాళ్లు గ్యారంటీ ఉన్న అంచనా కావాలంటే మాత్రం ఏకగ్రీవపు ఊళ్లు ఎంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం పెట్టారు. పోటీ లేకుండా చూసుకున్నందుకు ప్రజాస్వామ్యం ఇచ్చే బహుమతి అన్నమాట. కొన్నిచోట్ల ఊరి పెద్దలు గుడి దగ్గర కూర్చుని సర్పంచ్ పదవిని వేలం వేస్తారు. వేలం చట్టవిరుద్ధమని ఎన్నికల సంఘం ప్రతిసారీ హెచ్చరిస్తుంది, ఊరు ప్రతిసారీ శ్రద్ధగా వింటుంది. పాటలో నెగ్గినాయన గుడి గోపురం కట్టిస్తానంటాడు, మిగతావాళ్లు నామినేషన్ వెనక్కి తీసుకుంటారు. సర్వే అక్కర్లేదు, పోలింగ్ అక్కర్లేదు, దేవుడికి గోపురం మిగులుతుంది. ఓటు వేద్దామని భివండి నుంచి బస్సెక్కిన కుర్రాడికి మాత్రం ఈ సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

సర్పంచ్ తేలాడు కదా అని మా పాఠకులు ఇళ్లకు వెళ్లిపోకూడదు. ఉప సర్పంచ్ ఎన్నిక మిగిలే ఉంది. ఇరవై ఐదేసి చొప్పున కట్టిన బ్యాలెట్ కట్టలు లెక్కపెట్టి, గెలిచిన పేర్లు చదివాక, కొత్త వార్డు మెంబర్లు అక్కడికక్కడే ఉప సర్పంచ్‌ను ఎన్నుకోవాలి. మధ్యాహ్నం దాకా వాళ్లను పలకరించే దిక్కు లేదు. లెక్కింపు అవుతుండగానే బడి గేటు బయట రెండు కార్లు వచ్చి ఆగుతాయి, ఒక మెంబరుకు ఉన్నట్టుండి తలనొప్పి వస్తుంది, ఇంకొకాయన ఫోన్ స్విచ్ ఆఫ్. పదిమంది మెంబర్ల ఊళ్లో ఆరుగురు తమవాళ్లేనని ఇటువాళ్లు, ఆరుగురు తమవాళ్లేనని అటువాళ్లు చెబుతారు. నోటుబుక్కు మళ్లీ తెరుచుకుంటుంది.

ఈ గొడవంతా ఎందుకంటే, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. చాలా ఊళ్లలో సర్పంచ్ ఒక వర్గం, ఉప సర్పంచ్ ఇంకో వర్గం. ఐదేళ్లలో ఏ వీధిలైటు వెలుగుతుంది, ఏ మోరీ తీస్తారు, ట్రాక్టరులో డీజిల్ ఎప్పుడు పోస్తారు అన్నవి ఆ రెండో సంతకాన్ని బట్టి ఉంటాయి. అది ఎప్పుడు పడుతుందో కూడా మా బృందం చెప్పగలదు. కాకపోతే దానికి విడిగా ఫీజు ఉంటుంది, అడ్వాన్సు నగదుగా ఇవ్వాలి, చెక్కు తీసుకోం.